మీసాలవాళ్ళకి రోహిణి కార్తె

మా పెద్దమ్మ భ్రమరాంబ ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళకి ఫోన్ అక్కర్లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ కాల్స్ కలుపుతూ ఉద్యోగమంతా గడిపిన మనిషి. విజయవాడ లైన్లో గరగర వస్తే గొంతు పెంచి, బొంబాయి లైన్లో ఉరుములు వస్తే ఇంకా పెంచి, చివరికి ఆ గొంతుకి తగ్గడమంటే ఏమిటో తెలియకుండా పోయింది. రిటైరయ్యాక కూడా "ఆ ఉప్పు డబ్బా ఇలా అందుకోవే" అంటే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చునేది.

ఆవిడ మాదాపూర్‌లో స్థలం కొన్నప్పుడు అక్కడ బండరాళ్ళు, సీతాఫలం చెట్లు తప్ప ఏమీ లేవట. "నక్కలకి ట్రంక్ కాల్స్ కలుపుతావా?" అని చుట్టాలంతా నవ్వారట. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళ చదువులు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యేసరికి ఆ ముచ్చట వెనకబడిందని మా అమ్మ అంటుంది. పెద్దమ్మ మాట వేరు. "నచ్చినవాడు తగల్లేదు, తగిలినవాడు నచ్చలేదు. ఇందులో ఏడవడానికేముంది?" అనేది.

నేను తెనాలి నుంచి వచ్చి ఆ ఇంట్లో ఉంటూ సైబర్ టవర్స్‌లో ఉద్యోగం చేసేదాన్ని. అది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది వేసవి. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లన్నీ అది పంతొమ్మిది వందలనుకుని పిచ్చిలెక్కలు వేస్తాయని ప్రపంచమంతా గోల. అలా వెయ్యకుండా ఆ ప్రోగ్రాములు సరిచేయడం నా పని. చుట్టూ ఇంకా రాళ్ళు పేలుస్తూనే ఉన్నారు. మధ్యాహ్నం సైరన్ మోగేది, వెనకాలే ధడేల్‌మని శబ్దం, మా వంటింట్లో గిన్నెలన్నీ ఒకదాన్నొకటి పలకరించుకునేవి.

హాల్లో ఒక అద్దాల తొట్టి ఉండేది. అందులో అర డజను మీసాల చేపలు. దుకాణంవాళ్ళు కోరీ క్యాట్‌ఫిష్ అంటారు. మన గోదావరి జెల్లలకి దూరపు చుట్టాలే గానీ బొటనవేలంత ఉంటాయి. రోజంతా ఇసుకలో మూతి పెట్టి ఏదో పారేసుకున్నట్టు వెతుకుతాయి. ఉన్నట్టుండి రివ్వున పైకి లేచి ఒక గుక్క గాలి మింగి మళ్ళీ దిగిపోతాయి. కన్ను కూడా గీటుతాయి, నిజం. పెద్దమ్మ వాటిని 'మీసాలవాళ్ళు' అనేది. వాళ్ళలో ఆడవాళ్ళకీ మీసాలుండటం ఆవిడకి భలే నచ్చింది.

అవి మొదట ఎక్స్ఛేంజిలో ఆవిడతో పనిచేసిన గోవిందప్పగారివి. హిందూపురం మనిషి. ఆయన ఇంట్లో ఏటా గుడ్లు పెట్టి పిల్లలు చేసేవట. రిటైరై సొంతూరు వెళ్ళిపోతూ, తొట్టిని బస్సులో ఎలా మోసుకెళ్ళనని పెద్దమ్మకి అప్పగించాడు. అప్పటినుంచి నాలుగేళ్ళు, ఒక్క గుడ్డు లేదు. తొట్టి వచ్చినప్పుడు నడివయసులో ఉన్న చేపలు కాస్తా ముసలివయ్యాయి.

మే నెలలో ఒక ఆదివారం గోవిందప్పగారు ఫోన్ చేశారు. ఆయనా ఎక్స్ఛేంజి గొంతే కాబట్టి రిసీవర్ లోంచి నాక్కూడా శుభ్రంగా వినబడింది. మృగశిర కార్తె వారంలో రిటైరైనవాళ్ళ సమావేశానికి హైదరాబాదు వస్తున్నాడట. పెరట్లో సిమెంటు తొట్టి కట్టించాడట. పోతూ పోతూ చేపల్ని తీసుకుపోతాడట.

"ఇప్పుడెందుకండీ? బాగానే ఉన్నాయిగా ఇక్కడ" అంది పెద్దమ్మ.

"బాగుండేదేముండాది మేడం? పిల్లలు పెట్టే చేపలవి. మీ ఇంటికొచ్చి గొడ్డుపోయినాయి. ఇంగ వయసు కూడా అయిపాయె. ఉన్నన్నాళ్ళు నా దగ్గరుంటాయి లెండి."

ఆయన చేపల గురించే అన్నాడు, అందులో అనుమానం లేదు. కానీ పెద్దమ్మ మొహం చూశాక ఆ రిసీవర్ లాక్కుని నాలుగు దులుపుదామనిపించింది నాకు. ఆవిడ రిసీవర్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తర్వాత, "మీరొచ్చేసరికి గుడ్లు పెడితే?" అంది.

"పెడితే అవి మీవే. మళ్ళా ఆ ఊసెత్తను."

"మాటేనా?"

"మాటే మేడం."

ఫోన్ పెట్టేసి తొట్టి దగ్గరికెళ్ళి నిలబడింది. "విన్నారా? ఆయన వచ్చేలోగా గుడ్లు పెట్టారా, ఇక్కడే ఉంటారు. లేదా, హిందూపురం ఎండలో సిమెంటు తొట్టి" అని వాటికి చెప్పింది. ఒకటి కన్ను గీటింది. నాకు నవ్వొచ్చింది కానీ పెద్దమ్మ నవ్వలేదు.

మర్నాడే మూసాపేటలో సాయిలు నడిపే చేపల దుకాణానికి వెళ్ళాం. సంగతి విని అతను పెదవి విరిచాడు. "ముసలియి గదమ్మా. ఇగ పెట్టయి. ఫికర్ చెయ్యకుండ్రి, మంచి కొత్తయి తీస్కపోండ్రి."

"మీ ఇంట్లో ముసలివాళ్ళని కూడా ఇలాగే మార్పించుకుంటావా నాయనా?" అంది పెద్దమ్మ. దుకాణం మొత్తం మావైపు చూసింది. నేను ఆవిడని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

ఇక ఇంట్లో ప్రయత్నాలు మొదలయ్యాయి. చాటుంటే సిగ్గుపడకుండా ఉంటాయని తొట్టిలో కొబ్బరిచిప్ప బోర్లించింది. పాలకూర రెండు పూటలా ఉడికించింది. అసలు మా ఇంట్లో చేపలు కూడా శాకాహారులే. ఉడికిన ఆకుకూర, దోసకాయ ముక్క, ఆపైన దుకాణంలో దొరికే గింజల మేత. ఆ మేత దేంతో చేస్తారో డబ్బా మీద రాసి ఉంటుంది, పెద్దమ్మ అది చదవకుండా ఎంతో జాగ్రత్తపడేది. శనివారం ఉల్లిపాయ కూడా గుమ్మం దాటి రాని ఇల్లు మరి.

ఎన్ని చేసినా గుడ్లు లేకపోయేసరికి పౌరుషం చంపుకుని హిందూపురానికి ఫోన్ చేసింది. "మీ దగ్గర వీటికి ఏం పెట్టేవారండీ?"

అటువైపు ఆయన ఒకసారి దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. కాసేపటికి, "ఎర్రలు మేడం" అన్నాడాయన, నీళ్ళు నములుతూ. "మన్నులో ఉంటాయే, వానపాములు. సన్నగా తరిగి పెడతాంటి."

"నాలుగేళ్ళబట్టి ఈ ముక్క చెప్పలేదేం?"

"మీరు మడిగా ఉండేటోళ్ళు. ఆఫీసులో టిఫిన్ డబ్బా గూడ వేరే బల్ల మీద పెట్టుకుంటాంటిరి. మీకు పురుగులని ఎట్ల చెప్పేది? గౌరవం కదా మేడం!"

ఆయన గౌరవం ఆయనది, ఈవిడ ఆచారం ఈవిడది, మధ్యలో పాపం ఆ చేపలు నాలుగేళ్ళు ఏకాదశి చేశాయి! నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. పెద్దమ్మ మాత్రం సోఫాలో కూలబడింది. "పులికి పప్పన్నం పెట్టి, సంసారం ఎందుకు చెయ్యవే అని అడుగుతున్నానన్నమాట" అంది.

మా పక్కింట్లో కిరాయికుండే నవనీతది జనగామ వైపు. వాళ్ళాయన భాస్కర్ మా కంపెనీ బస్సు నడిపేవాడు. పెద్దమ్మ గోడ మీంచి పిలిచి, గొంతు తగ్గించానని తను అనుకుంటూ, "అమ్మాయ్, మీ గిన్నెలు తోమే జాలారు పక్కన తవ్వితే ఎర్రలు దొరుకుతాయా?" అని అడిగింది. వీధంతా విన్నది.

"ఎర్రలా? గవేం జేస్కుంటరమ్మా మీరు?" అని నవనీత నోరు తెరిచింది. సంగతి చెప్పాక కడుపు పట్టుకుని నవ్వింది. "జర ఆగుండ్రి, ఇప్పుడే తెస్త" అని చెంగు దోపుకుని పార అందుకుంది. కడగడం, తరగడం కూడా వాళ్ళ పెరట్లోనే తనే చేసింది. పెద్దమ్మ గోడకి ఇవతల అటు తిరిగి నిలబడి, చెయ్యి వెనక్కి చాపి ఆ చిప్ప అందుకుంది.

అబ్బ, ఆ చేపలు తిన్న తీరు! వాటిని అంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు. ఒకదాన్నొకటి తోసుకుంటూ, మీసాలు ఊపుకుంటూ, ఇసుక దుమ్ము లేపుతూ కలబడ్డాయి. పెద్దమ్మ చూస్తూ చూస్తూ, "పెళ్ళి భోజనంలా తింటున్నారే!" అని చప్పట్లు కొట్టింది.

తర్వాత నవనీత నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళింది. ఇక ఎర్రల సంగతి అంతే అనుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చేసరికి పెరట్లో పెద్దమ్మ, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, పాత బ్లేడుతో తనే తరుగుతోంది. కళ్ళు సగం మూసుకుని పైకేదో స్తోత్రం చదువుతోంది. "అలా చూడకే వాసంతీ! చేప ధర్మం చేపది, నా ధర్మం నాది. దాని కడుపు మాడ్చి నేను పుణ్యం కట్టుకోవడమేమిటి?" అని కసిరి, తలారా స్నానం చేసి వచ్చి అన్నం వడ్డించింది. ఆవిడ మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆడచేపలు గుండ్రంగా నిండాయి. అందరిలోకీ పెద్దదాన్ని పెద్దామె అనేవాళ్ళం. దాని పొట్ట పైనుంచి చూస్తే అటూ ఇటూ కనబడేది. అయినా గుడ్లు మాత్రం లేవు. మే నెల అయిపోవస్తోంది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర నా ఆఫీసు గోల వెళ్ళబోసుకున్నాను. "ఆ కంప్యూటర్ తప్పేమీ లేదు పెద్దమ్మా. దానికి ఇది ఏ సంవత్సరమో చెప్పేవాడు లేడు. తెలిస్తే దాని పని అది చేస్తుంది."

పెద్దమ్మ చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "ఏమే, మీసాలవాళ్ళకి ఇది ఏ కార్తె?"

"ఏమిటీ?"

"బయట రోహిణి కార్తె. రోళ్ళు పగులుతున్నాయి. వాటికి?"

ఇద్దరం తొట్టి వైపు చూశాం. దానికెదురుగా గడ్డి కూలర్ గుమ్మున తిరుగుతోంది. చిన్న ప్రాణాలు ఉడికిపోతాయని జాలిపడి, నాలుగేళ్ళుగా పెద్దమ్మే వాటి ఎదురుగా పెట్టింది. వానాకాలంలో గుడ్లు పెట్టే జాతి, వాటికి ఎండ తగిలిందే లేదు. ఇక వాన వస్తోందని వాటికి ఎలా తెలుస్తుంది? ఎండాకాలమూ చల్లనే, వానాకాలమూ చల్లనే, ఏడాది పొడుగునా ఒకటే కార్తె! పెద్దమ్మ ఎంగిలిచేత్తోనే లేచింది. "కూలర్ కట్టెయ్!" అని కేక పెట్టింది.

కట్టేశాం. తొట్టి కదిలేది కాదు కాబట్టి కూలరే స్టోర్ రూముకి వెళ్ళింది. అంటే రోహిణి కార్తె చేపలకే కాదు, నాక్కూడా వచ్చిందన్నమాట. "నేను గుడ్లు పెట్టేది లేదు పెద్దమ్మా, నా గదిలో అయినా పెట్టు" అని మొత్తుకున్నాను. వినలేదు. చేపలతో పాటు మనమూ పడితేనే న్యాయమట! రోజూ తొట్టిలో నీళ్ళు మార్చడం మానేసింది, తిండి తగ్గించింది, నీళ్ళు ఆవిరై దిగుతుంటే దిగనిచ్చింది. కరెంటు పోయి తొట్టిలోకి గాలి ఊదే మోటారు ఆగినప్పుడు మాత్రం గ్లాసుతో నీళ్ళు తీసి, పైనుంచి మళ్ళీ అందులోనే పోస్తూ కూర్చునేది.

ఒకనాడు మధ్యాహ్నం పెద్దామె ఒక పక్కకి ఒరిగిపోయింది. మొప్పలు కొట్టుకుంటున్నాయి, కదలదు. పెద్దమ్మ మొహం పాలిపోయింది. "నా పంతానికి దీని ప్రాణం తీస్తున్నానటే?" అంది. ఆ గొంతు ఆవిడదేనా అనిపించింది. తువ్వాళ్ళు తడిపి అద్దాల చుట్టూ చుట్టి, విసనకర్రలతో ఇద్దరం విసిరాం. చేతులు పడిపోయేదాకా విసిరాం. సాయంత్రానికి పెద్దామె లేచి, పైకెళ్ళి గుక్కెడు గాలి మింగి వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. ఆ క్షణం నుంచి, నిజం చెప్పొద్దూ, చేపల్ని చూసి నవ్వుకునే నేనూ పూర్తిగా అందులో పడిపోయాను.

మృగశిర కార్తె రానే వచ్చింది, వాన మాత్రం రాలేదు. మృగశిర నాడు చేప తినాలని ఇక్కడివాళ్ళ ఆచారం. నవనీత పొద్దున్నే కొర్రమీను తెచ్చి పులుసు పెట్టింది. ఘాటు మా ఇల్లంతా నిండింది. "కిటికీలు ముయ్యవే, మావాళ్ళు జడుసుకుంటారు!" అని పెద్దమ్మ పరుగులు. పక్కింట్లో చేపల పులుసు, మా ఇంట్లో చేపల పురుడు. పురుడు కూడా ఇంకా ఆశే.

ఆకాశం పొడిగానే ఉందని పెద్దమ్మ తనే వాన కురిపించడానికి దిగింది. పాత పాలపొడి డబ్బాకి మేకుతో అడుగంతా చిల్లులు పొడిచి, ఫ్రిజ్‌లో చల్లబరిచిన బోరు నీళ్ళు అందులోంచి తొట్టిలోకి జల్లింది. నోటితో ఉరుములు నేనిచ్చాను. చేపలు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ ఇసుకలో మూతి పెట్టుకున్నాయి. గిన్నెల నిండా తెల్లటి చార పట్టించే ఆ బోరు నీళ్ళని వాననుకోవడానికి అవేమీ వెర్రివి కావు.

అంతలో గోవిందప్పగారి ఫోన్. బాచుపల్లిలో మేనల్లుడింట దిగాడట. మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. పెద్దమ్మ "రండి" అని మాత్రం అంది. పెద్ద టబ్బు ఒకటి కడిగి తొట్టి పక్కన పెట్టింది. గుడ్లు పెడితే పెద్దవాటిని అందులోకి మార్చాలి, లేకపోతే తమ గుడ్లు తామే తినేస్తాయి. అది తెలిసినా నాకది వీడ్కోలు ఏర్పాటులాగే కనబడింది, ఆ టబ్బు పెడుతున్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం నాలుగు దాటాక పడమటి వైపు నల్లబడింది. ముందు గాలి, వెనకాలే మట్టి వాసన, ఆ వెనకాలే టపటపా పెద్ద చినుకులు! "వాసంతీ, గిన్నెలు!" అన్న కేకకి నవనీత కూడా ఉరికొచ్చింది. బిందెలు, గంగాళం, ఇడ్లీ పాత్ర, కుక్కర్, ఏది దొరికితే అది డాబా మీదికి మోశాం. "మొదటి నీళ్ళు పారబొయ్యండే! అదంతా రాళ్ళు పేల్చిన దుమ్ము! రెండో విడత పట్టండి!" అని పెద్దమ్మ వానలో తడుస్తూ అరుస్తోంది. జుట్టు ముడి ఊడిపోయి మొహానికి అంటుకుంది. నవనీత నవ్వుతోంది, నేను నవ్వుతున్నాను, ఎందుకో ఎవరికీ తెలియదు.

ఆ నీళ్ళు చిల్లుల డబ్బాలోంచి కొద్దికొద్దిగా తొట్టిలోకి జల్లాం. ఈసారి మీసాలవాళ్ళు ఊరికే ఉండలేదు. ఒకటి అద్దం వెంబడి పైకి కిందికి పరుగు మొదలెట్టింది, వెనకాల ఇంకొకటి, చివరికి అన్నీ. ముసలివాళ్ళనడానికి లేదు, పెళ్ళివారి పిల్లల్లా పరుగులే పరుగులు.

తెల్లవారి నన్ను లేపింది పెద్దమ్మ కేక కాదు. వచ్చి నా భుజం పట్టుకుని ఊపింది, తొట్టి వైపు చెయ్యి చూపిస్తోంది. ఉరికాను. అద్దం మీద, పై వరసలో, సగ్గుబియ్యం గింజల్లా గుడ్లు! నా కళ్ళముందే పెద్దామె మగచేప పక్కకి మూతి ఆనించి కాసేపు కదలకుండా ఉండి, పొట్ట కింది రెక్కల్ని దోసిలిలా పట్టి, అందులో గుడ్లు మోసుకుంటూ పైకి వెళ్ళి, అద్దాన్ని మూతితో శుభ్రం చేసి, అక్కడ అంటించింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ మోసుకొచ్చింది. ఆ వయసులో! నేను పెద్దమ్మని కావలించుకుని గిరగిరా తిప్పేశాను.

అప్పుడే గోవిందప్పగారు గుమ్మంలోకి వచ్చారు. చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ బక్కెట్టు. పెద్దమ్మ పెదాల మీద వేలు పెట్టుకుని రమ్మని సైగ చేసింది. ఆయన చెప్పులు విప్పి, మెల్లగా వచ్చి తొట్టి ముందు కూర్చున్నాడు. లేచేటప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"మాటంటే మాటే మేడం. ఇవి మీవే" అని బక్కెట్టు అందుకున్నాడు. "ఆ పొద్దు ఫోన్లో ఏందేందో అంటి. మనసులో పెట్టుకోవద్దండి."

"పెట్టుకున్నాను. పెట్టుకోబట్టే ఇన్ని ఎర్రలు తరిగాను" అంది పెద్దమ్మ. ఆయన గతుక్కుమన్నాడు. ఆవిడ ఆయన చేతిలోని బక్కెట్టు తీసుకుని, అందులో తొట్టి నీళ్ళు పోసి, వల అందుకుంది. "పెద్దవాళ్ళని మీరు తీసుకెళ్ళండి. ఇక్కడుంటే గుడ్లు తినేస్తారు."

పక్కనే టబ్బు ఖాళీగా ఉంది. "పెద్దమ్మా, ఆ..." అన్నాను. నా వైపు ఒక్క చూపు చూసింది. నేను బక్కెట్టు మూత పట్టుకుని నిలబడ్డాను. పెద్దామెని అన్నిటికన్నా చివర్న, వల వాడకుండా రెండు చేతులతో దించింది. గోవిందప్పగారు ఆ బక్కెట్టు ఒడిలో పెట్టుకుని ఆటోలో వెళ్ళిపోయారు.

"గెలిచి ఎందుకిచ్చేశావు?" అని పోట్లాటకి దిగాను. నాకు ఒళ్ళు మండిపోయింది మరి.

"ముచ్చటపడి తొట్టి కట్టించుకున్నాడే. ఒంటరివాడు. వెళ్ళి ఖాళీ తొట్టి ముందు కూర్చుంటాడా?" అంది పెద్దమ్మ. అంతే.

సగం గుడ్లు తెల్లగా పాడైపోయాయి. ముసలితనం ఆమాత్రం పన్ను తీసుకుంటుంది. వాటిని పుల్లతో ఏరి పారేస్తూ, మిగతావాటికి కావలి కాస్తూ పెద్దమ్మ తొట్టి దగ్గరే మకాం పెట్టింది. అవి రోజురోజుకీ గోధుమరంగు తిరిగాయి. ఆ వారం చివర్లో ఒక పొద్దున అడుగున ఇసుక కదిలినట్టయింది. వంగి చూస్తే ఇసుక కాదు. నువ్వుగింజకి తోక మొలిచినట్టు చిన్న చిన్న పిల్లలు, ఉండీ ఉండీ గిలగిలా కొట్టుకుంటున్నాయి!

పెద్దమ్మ ఒక్క అంగలో ఫోన్ దగ్గరికి వెళ్ళి హిందూపురం కలిపింది. "వచ్చారండీ, పిల్లలొచ్చారు!" అంటూ ఇల్లు అదిరేలా కేకేసింది.

అవతల గోవిందప్పగారూ కేకే. "ఎంతమంది మేడం? ఎంతమంది?"

పెద్దమ్మ రిసీవర్ చెవికి ఆనించుకుని, పమిట చెంగుతో కళ్ళొత్తుకుని, తొట్టి వైపు తిరిగి చూసింది.

"లెక్కపెట్టలేదండీ. కన్నపిల్లల్ని ఎవరైనా లెక్కపెడతారా? దిష్టి తగలదూ!"